ఎర్రగట్టు ఎవరికి మూయాలి?

నక్క పొగిడితే తనకు బాగుంటుందన్న సంగతి కొండగొర్రె చుక్కి ఎవ్వరికీ చెప్పలేదు. చెబితే ఇంకేం పరువు మిగులుతుంది? నక్క మాట నమ్మొద్దని తన పిల్లలకు పాలతో పాటు నూరిపోసింది తనే మరి. కానీ ఆ పొద్దున నక్క వచ్చి, "చుక్కమ్మా, ఈ ఎర్రగట్టు మీద కాస్త ఆలోచన ఉన్నదానివి నువ్వొక్కదానివే. అందుకే ముందు నీ దగ్గరికే వచ్చా" అనేసరికి దాని చెవులు వాటంతటవే నిక్కాయి.

ఎర్రగట్టుకు కష్టకాలం వచ్చింది. వాన పడ్డప్పుడల్లా మన్ను కరిగి, ఎర్రటి నీళ్ళై వాగులోకి జారిపోతోంది. నిరుడు మోకాలెత్తు గడ్డి ఊగిన చోట ఇప్పుడు రాళ్ళు పళ్ళికిలిస్తున్నాయి. ఇలాగే సాగితే చుక్కి పిల్లలకు మేతన్నది ఉండదు. పక్కనున్న బోడికొండ మీద ముళ్ళకంప తప్ప ఏమీ లేదు.

"గట్టును కొన్నాళ్ళు మూసేసి కాపాడాలమ్మా, కావలి నేనుంటాలే," అన్నాడు నక్క. "ఆ అడవిపంది గునపయ్య మూతితో నేలంతా కుళ్ళగించేస్తున్నాడా లేదా? వాణ్ణి రానివ్వకపోతే మేలా కాదా?"

"మేలే బావా! వాడు తిరిగిన చోట గడ్డి మొలిస్తే ఒట్టు!"

"అంతే చాలు. పెద్దయ్య అడిగినప్పుడు ఈ ముక్కే చెప్పు."

పెద్దయ్యంటే ఎలుగుబంటి. గట్టు మీద ఏ కట్టుబాటు పెట్టాలన్నా ఆయన సరే అనాలి. ఆయన పద్ధతి ఆయనది. గుహలోకి ఒక్కొక్కరే పోవాలి, ఒకరి మాట ఇంకొకరు వినకూడదు. అందరూ ఒకచోట చేరితే అరుచుకుంటారనీ, తన నిద్ర చెడుతుందనీ ఆయన బాధ.

సాయంత్రం ఏదుపంది సూరమ్మ ముళ్ళు గలగలలాడించుకుంటూ ఎదురొచ్చింది.

"అయ్యో చుక్కీ, పిల్లల్నేసుకుని ఎటు పోతావే?"

"నేనెందుకు పోతానక్కా?"

"గట్టు మీ జాతికి మూసేస్తున్నారుగా! మీ మేత వల్లే మన్ను జారుతోంది కదా అని నక్క అడిగాడు, అవునన్నా. ఉన్నమాటేగా? మొలక తల ఎత్తితే చాలు, కొరికేస్తారు."

చుక్కికి నెమరు గొంతులో అడ్డం పడింది. "నాతో పందికి మూస్తామన్నాడే!"

గలగల ఆగిపోయింది. "పందికా? మరి పందితో ఎవరికన్నాడో?"

ఇద్దరూ బురదగుంట దగ్గరికి పరిగెత్తారు. గునపయ్య పడుకున్నచోటే పడుకుని నవ్వాడు. "ఇంకెవరికి, సూరమ్మకే! బొరియలు తవ్వి గట్టును డొల్ల చేసింది నువ్వే కదమ్మా. నేనే చెప్పా."

"నేనా? నీ మూతి ముందు నా బొరియలెంత!"

"నీ ముళ్ళు పీకేస్తా చూడు!"

"రా, పీకు. పొట్టనిండా గుచ్చుకుని పో!"

చుక్కి కాలితో నేలను గట్టిగా తన్నింది. "ఆగండిద్దరూ! ముగ్గురం అవునన్నాం. రేపు పెద్దయ్య దగ్గర మళ్ళీ అవునంటాం. అప్పుడు గట్టు మీద మిగిలేదెవరు?"

జవాబూ చుక్కే చెప్పింది.

"కావలి పేరుతో నక్క. వాడొస్తుంటే కూతపెట్టే నేనుండను, ఎదురు నిలిచే గునపయ్య మావ ఉండడు. కుందేళ్ళూ, నేలమీద గుడ్లు పెట్టే కౌజుపిట్టలూ అన్నీ వాడివే."

గునపయ్య బురద దులుపుకుని లేచాడు. "వాణ్ణి ఇప్పుడే కోరలతో లేపేస్తా."

"లేపేస్తే జారిన మన్ను వెనక్కొస్తుందా మావా? మనందరం కలిసే చెడగొడుతున్నాం. ముందు ఆ సంగతి తేల్చుకుందాం."

తేలడానికి చాలాసేపే పట్టింది. మధ్యలో గునపయ్య అలిగి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చాడు. చివరికి చుక్కే ముందుగా దిగొచ్చింది. తూర్పు వాలు మీద గడ్డి గింజ రాలేదాకా తను మూతి పెట్టనంది. అప్పుడు సూరమ్మ గట్టు అంచున కొత్త బొరియ తవ్వనంది. "నీ గుంటల్లో నీళ్ళు నిలుస్తాయిలే, ఆ ఒక్కటీ నిజం," అని పందికేసి చూసి ముక్కు విరిచింది. "నిలువునా కాకుండా వాలుకు అడ్డంగా తవ్వి చావు." గునపయ్య గుర్రుమన్నాడు, కానీ సరేనన్నాడు.

"మరి నక్క సంగతో?" అన్నాడు.

"వాడు మనల్ని అడిగినట్టే మనమూ చెబుదాం," అంది చుక్కి.

మర్నాడు గుహ బయట నక్క ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. గునపయ్య లోపలికి వెళ్ళొచ్చాడు, సూరమ్మ వెళ్ళొచ్చింది. చుక్కి వంతు వచ్చింది. "నాతో అన్నమాటే, మరిచిపోకు తల్లీ," అని నక్క గుసగుసలాడాడు. ఈసారి దాని చెవులు కదల్లేదు.

"గట్టు మూయాలా?" అన్నాడు పెద్దయ్య, కళ్ళు తెరవకుండా.

"మూయాలి పెద్దయ్యా."

"ఎవరికి?"

"నక్కకి."

పెద్దయ్య ఒక కన్ను తెరిచాడు. "ముందొచ్చిన ఇద్దరూ ఇదే మాట."

ఆయన ఒళ్ళు విరుచుకుని బయటికొచ్చాడు. "అందరిదీ ఒకే మాట. గట్టు మూసేస్తున్నా."

"నేను ముందే మనవి చేశాగా!" అని నక్క ఎగిరి గంతేశాడు.

"నీకు."

నక్క గాల్లోంచి ఎలా కిందపడ్డాడో వాడికే తెలియదు. "నాకా! ఇదేం న్యాయం పెద్దయ్యా? నా గురించి తేలుస్తూ నన్నొక్క మాట అడగరా? నా వెనకాల వీళ్ళంతా ఏదో అంటే చాలా?"

చుక్కి వాడి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏమన్నావు బావా? ఇంకోసారి, అందరికీ వినపడేట్టు అను."

నక్క నోరు తెరిచాడు. తను అన్నదేమిటో అప్పుడు తన చెవికెక్కింది. తోక కాళ్ళ మధ్యకు పోయింది.

జరిగినదంతా చుక్కి పెద్దయ్యకు చెప్పింది. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. "తప్పు నా గుహలోనూ ఉంది. ఇకనుంచి గట్టు మాట గట్టు మీదే, అందరి ఎదుటా. అరుచుకుంటే అరుచుకోండి, నా నిద్ర నేను చూసుకుంటా. ఒరేయ్ నక్కా, నువ్వూ రా. కానీ అందరికీ కనపడేచోట కూర్చో."

అందరూ వాలు మీదికి చేరి ఎవరెక్కడ తిరగాలో మాట్లాడుకుంటుంటే, సూరమ్మ ఉన్నట్టుండి అడిగింది: "ఇంతకీ మన మన్నంతా ఎక్కడికి పోతోందే?"

"వాగు అవతల, దుప్పుల మడుగులోకి," అన్నాడు గునపయ్య. "సగం పూడిపోయిందట."

"వాళ్ళనెవరైనా అడిగారా?" అంది సూరమ్మ.

అందరూ చుక్కి వైపు చూశారు. వేసవిలో నీళ్ళ దగ్గర దుప్పులతో గొడవపడింది అదే. ఆనాటి నుంచి మాటల్లేవు. పిలిస్తే ఏమంటారో? తిడతారు. తిట్టనీ. చుక్కి గట్టు అంచున ఎత్తైన బండ ఎక్కి, అవతలి ఒడ్డుకేసి మెడ చాచి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

నేలను కాపాడే దారి ఏదో, ఆ నేలను నమ్ముకున్న వాళ్ళందరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి.