నరసమ్మ సన్మాన పత్రం

బొబ్బిలిలో ఒక ఆడపిల్లల బడిలో హైమావతి అనే కుట్టు టీచరు ఉండేది. ఏ పని గురించి అడిగినా "నాకు రాదు" అని చెప్పడం ఆమెకు మహా నామోషీ.

ఊళ్ళోకి బాల్‌పెన్నులు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. రిటైరైన డ్రాయింగు మాస్టారు జగ్గారావు గారు మాత్రం ఇంకా సిరాబుడ్డిలో పాళీ ముంచే రాసేవారు. ఆయన రాసిన శుభలేఖ ఒకటి చూసి ముచ్చటపడి, హైమావతి ఆ రాత నేర్చుకోవడానికి ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటి అరుగు మీదికి చేరేది. ఎదురుగా అద్దుడు కాగితం, పాళీ తుడిచే గుడ్డ పీలిక, లోపలినుంచి మాస్టారి భార్య పంపే కాఫీ. అరుగంతా సిరా వాసన వేసేది.

"కిందికి దిగేటప్పుడు ఒత్తు. పాళీ విచ్చుకుని గీత లావుగా వస్తుంది. పైకి వెళ్ళేటప్పుడు చెయ్యి తేల్చు. గీత వెంట్రుకలా రావాలి," అనేవారు మాస్టారు.

ఐదు వారాలు గడిచాయి. ఇంకా గీతలే.

"అక్షరాలెప్పుడండీ?" అని అడిగింది హైమావతి.

"నీ పాళీ కాగితాన్ని గీరడం మానాక," అని నవ్వారాయన.

అలా ఉండగా బడిలో ఆయా నరసమ్మ పని విరమించే రోజు దగ్గరపడింది. ముప్ఫై రెండేళ్ళు గంట కొట్టి, నీళ్ళు మోసి, జ్వరమొచ్చిన పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్ళకు చేర్చిన మనిషి ఆమె. ఆ బడిలో ఒక ఆయాకు సన్మాన పత్రం ఇవ్వడం అదే మొదలు.

హెడ్మిస్ట్రెస్ కామేశ్వరి గారు హైమావతిని పిలిచారు. "మీరు పాళీతో రాత నేర్చుకుంటున్నారట కదా, పత్రం రాయగలరా?"

"ఓ! అదెంత పనండీ," అంది హైమావతి.

విజయనగరం నుంచి రెండు దళసరి కాగితాలు తెప్పించారు. సన్మానం ముందురోజు ఉదయం హైమావతి రాయడానికి కూర్చుంది. మొదటి అక్షరం ఎలాగో వచ్చింది. రెండోది పైకి తిప్పబోతే పాళీ కాగితంలో గుచ్చుకుని చిటుక్కున లేచింది. నరసమ్మ పేరు రాయాల్సిన చోటంతా సిరా చిందింది.

రెండో కాగితం ముట్టుకోబోయి ఆగింది. ఇదీ పాడైతే నరసమ్మ వట్టి చేతులతో వెళ్ళాలి. పిల్లి సిరాబుడ్డి దొర్లించిందని చెప్పేస్తే? కానీ మూడు రోజులుగా నరసమ్మ వీధి వీధీ తిరిగి, "నాకు కాయితం ఇస్తారట, మీరూ రండి," అని పిలుస్తున్న సంగతి గుర్తొచ్చింది. ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు. పాడైన కాగితం, మంచి కాగితం రెండూ పట్టుకుని మాస్టారింటికి పరుగెత్తింది.

"రాస్తానని ఒప్పుకున్నానండీ. నాకు రాదు," అంది కళ్ళనీళ్ళతో. "మీరు రాసిపెట్టండి."

"నా చెయ్యి ఈమధ్య వణుకుతోందమ్మా," అన్నారు మాస్టారు. "నీకు వచ్చిందేమిటి?"

"గీతలు."

"అయితే గీతలే గీయి. రాదన్న ముక్క మాత్రం మీ హెడ్మిస్ట్రెస్ గారికి కూడా చెప్పిరా."

తల దించుకుని వెళ్ళి చెప్పింది. కామేశ్వరి గారు "మొదటే చెబితే ఒక కాగితం మిగిలేది," అన్నారు. తర్వాత, "నా మామూలు చేతిరాతతోనే రాస్తాను. చుట్టూ అంచు మీరు గీసి తెండి," అన్నారు.

ఆ రోజు పొద్దు వాలేదాకా హైమావతి అరుగు మీదే ఉంది. "ఒత్తు... తేల్చు..." అంటూ మాస్టారు పక్కనే కూర్చున్నారు. లావు గీత, సన్న గీత, లావు గీత, సన్న గీత. కాగితం నాలుగు వైపులా నిండింది. పాళీ ఒక్కసారీ గీరలేదు.

మర్నాడు సభలో కామేశ్వరి గారు పత్రం చదివి నరసమ్మ చేతికిచ్చారు. చదువు రాని నరసమ్మ మధ్యలోని అక్షరాల వైపు చూడనే లేదు. అంచు మీద వేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పింది.

"ఓలమ్మ! వరి ఎన్నుల్లాగ ఉన్నాయి. ఇవి ఎవులు గీసినారమ్మా?"

"నేనే నరసమ్మా. అక్షరాలు నాకింకా రావు," అంది హైమావతి అందరి ముందూ.

"నాకూ రావు టీచరమ్మా," అని నరసమ్మ పకపకా నవ్వింది. సభంతా నవ్వింది. హైమావతికి నామోషీ అనిపించలేదు.

మరుసటి ఏడు ఆమెకు అక్షరాలూ వచ్చాయి. తర్వాత ఆ ఊళ్ళో ఎన్నో సన్మాన పత్రాలు రాసింది. మాస్టారు పోయాక కూడా, పాళీ సిరాలో ముంచినప్పుడల్లా ఆ అరుగూ, "ఒత్తు... తేల్చు..." అనే ఆ గొంతూ ఆమెకు గుర్తొచ్చేవి.

నీతి: రానిదాన్ని వచ్చని చెప్పుకుంటే వచ్చిన కాస్త నేర్పూ పనికిరాకుండా పోతుంది, రాదని ఒప్పుకున్నవారికి ఆ కాస్త నేర్పే అక్కరకొస్తుంది, రానిది నేర్చుకునే దారీ దొరుకుతుంది.