వైద్యుడుగారు వచ్చే దారి

నాకు వైద్యం రాదు. కాకపోతే ఏటా కార్తీకం నుంచి మాఘం దాకా దగ్గుతూనే ఉంటాను కనక, దగ్గు గురించి నేను చెబితే నలుగురూ వింటారు. వినక తప్పదు, మనిషికంటే ముందు నా దగ్గే వాళ్ల గుమ్మంలోకి వెళుతుంది. ఈ కథలోని తెలివి మాత్రం నాది కాదు, ఒక కోడిపెట్టది.

మన్యంలో, వలిసెపూలు పచ్చగా విరగబూసే ఒక కొండవాలున గంగులమ్మ పశువుల పాక ఉంది. పాకకు ఒకవైపు వంటింటి గోడ. పొయ్యి సెగ తగిలే ఆ చోట గేదె ఉంటుంది. మిగతా మూడువైపులా మట్టి మెత్తిన తడికలు. ఉత్తరం తడిక పక్కన మైలడనే ముసలి ఎద్దు. పైన దూలం మీద చుక్కలపెట్ట, దాని బలగం.

ఆ ఏడు మార్గశిరంలో మైలడికి దగ్గు పట్టుకుంది. తెల్లారగట్ల డొక్కలు ఎగిరిపడేలా దగ్గేవాడు. రాత్రి నిద్ర లేక, పగలు నాలుగు చాళ్లకే కూలబడేవాడు.

"ఇక లాభం లేదు, శుక్రవారం సంతకు తోలేస్తాను" అంది గంగులమ్మ.

ముసలి ఎద్దును సంతలో కొనేవాళ్లు దున్నుకోవడానికి కొనరని పాకలో అందరికీ తెలుసు.

వైద్యుడు లేక కాదు. నక్క ఉన్నాడు. రోజూ మంచు విడవకముందే వచ్చి, ఎద్దు నాలుక చూసి, ఏదో ఆకు నమిలించి, ఫీజుగా ఒక గుడ్డు పట్టుకుపోయేవాడు. కోడిని తింటే ఒక్కపూట, గుడ్డయితే చలికాలమంతా అన్నది ఆయన చదివిన శాస్త్రం.

"ఎలా ఉంది మైలన్నా?"

"నీ ఆకు తిన్న కాడి నుంచి దగ్గుకి బలం వచ్చినట్టుంది బాబూ."

"రోగం బయటికి వస్తోందన్నమాట. మంచి గుర్తు!"

చుక్కలపెట్ట దూలం మీంచి మెడ వంచింది. దానికీ ఒక జబ్బుంది. ఏది చూసినా ఎందుకని అడుగుతుంది.

"వైద్యుడుగారూ, మా మైలడు తాత పొలంలో ఎందుకు దగ్గడు?"

"పొలంలో పనుంటుంది. దగ్గడానికి తీరికేదీ?"

"మరి గేదత్తకు ఎందుకు రాలేదు?"

"నల్లతోలులోకి దగ్గు దూరదు. ఇదంతా శాస్త్రం, నీకెక్కదులే."

గేదె నెమరు ఆపింది. "నా తోలు ఊసెత్తందే నీ వైద్యం సాగదేం?"

నక్క గుడ్డు కరుచుకుని జారుకున్నాడు. పెట్టకు మాత్రం మనసు కుదురుగా లేదు. ఎండ పొడిచాక దూలం దిగి, తన ఈకే ఒకటి పీకి ముక్కున పట్టుకుని గోడల వెంట నడిచింది. వంటింటి గోడ దగ్గర ఈక కదల్లేదు. తూర్పున కాస్త ఊగింది. ఉత్తరం మూల గడ్డిమోపు దగ్గరకొచ్చేసరికి ముక్కులోంచి ఎగిరిపోయి మైలడి మూతికి అతుక్కుంది.

మైలడు తుమ్మాడు. "ఏటే ఇది?"

పెట్ట గడ్డి తప్పించి చూసింది. తడికకు నక్క పట్టేంత కన్నం. అంచులకు బూడిదరంగు బొచ్చు.

"తాతా, నీ వైద్యుడు వచ్చే దారి ఇదే. నీ దగ్గూ ఈ దారినే వస్తోంది."

మైలడు మూతి చాచి ఆ బొచ్చు వాసన చూశాడు. "గంగులమ్మ చూస్తే మూస్తాది. కానీ నేనెంత దగ్గినా ఇటు రాదే! ఆమె చెవికి అలవాటైపోయింది."

"అయితే కొత్త దగ్గు కావాలి" అంది పెట్ట.

మర్నాడు నక్క రాగానే చాలా వినయంగా అడిగింది. "వైద్యుడుగారూ, ఆ మూల కన్నాన్ని గడ్డితో కూరేద్దామా?"

నక్క గబుక్కున గడ్డిమోపుకు అడ్డం నిలబడ్డాడు. "వద్దు వద్దు! ఉత్తరపుగాలి పరమౌషధం! అది ఆగితే మీ తాత ఊపిరాగుతుంది."

"తాత నమ్మడం లేదండీ. తమరు ఒక్క రాత్రి అక్కడ పడుకుని చూపిస్తే నమ్ముతాడట. నమ్మితే రోజుకు రెండు గుడ్లు."

"ఒక్క రాత్రేమిటి, మూడు రాత్రులు పడుకుంటాను!"

గొప్పలకు పోయేవాడికి గొయ్యి మనం తవ్వక్కర్లేదు. మైలడు పలుపు అందినంత మేర జరిగి గేదె పక్కన చేరాడు. కోళ్లు ఇంకో దూలం పైకెక్కాయి. నక్క కన్నం ముందు దర్జాగా ముడుచుకున్నాడు.

మొదటి తెల్లవారుజామున పెట్ట అడిగింది, "ఎలా ఉందండీ?"

"అమృతం... హాచ్!"

రెండోనాటికి అమృతం అన్న మాట కూడా పెగల్లేదు. మూడోనాడు గురువారం. మైలడు హాయిగా గుర్రుపెడుతుంటే మూలనుంచి ఖళ్ళు ఖళ్ళున దగ్గు లేచింది.

పొయ్యి రాజేస్తున్న గంగులమ్మ చెవులు రిక్కించింది. "ఇది నా ఎద్దు దగ్గు కాదే!" కొరివి పట్టుకుని పాకలోకొచ్చింది. నక్క దగ్గుతూనే కన్నంలోంచి ఉరికాడు. ఆవిడ కన్నాన్ని చూసింది, అందులోంచి కొట్టే గాలికి చెయ్యి అడ్డం పెట్టింది, తర్వాత వంటింటి గోడ పక్కన వెచ్చగా పడుకున్న ఎద్దును చూసింది.

"ఓలమ్మో! పాకకి ఇంత కన్నం పెట్టుకుని నోరులేని ఎద్దును ఆడిపోసుకున్నానే!"

మధ్యాహ్నానికల్లా కొత్త తడిక కట్టి, మట్టీ పేడా కలిపి మెత్తింది. శుక్రవారం సంతకు వలిసె గింజల మూట నెత్తిన పెట్టుకుని ఒక్కతే వెళ్లింది.

నక్కను మాత్రం ఆ దగ్గు వదల్లేదు. ఏ ఊరి కోళ్లగూటికి వెళ్లినా ముందు దగ్గు చేరేది, వెనక నక్క, ఆ వెనక కుక్కలు. చివరికి ఒకనాడు తడిక బయట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పెట్టమ్మా, దీనికేమైనా మందుందా?"

"ముందు తమరి బొరియ ఎటు తెరుచుకుందో చూసుకోండి వైద్యుడుగారూ. ఫీజు అక్కర్లేదు."

ఈ కథ విన్నరోజు నేనూ ఒక ఈక పట్టుకుని ఇల్లంతా తిరిగాను. అది ఎగిరెళ్లి నా మంచం మీదే వాలింది.

దగ్గుకు మందు వెతికే ముందు గోడకు కన్నం వెతుక్కో.