ఫైర్‌మన్ నిలబడే వైపు

మస్తాన్ వలీ ఉస్తాద్ దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్ళలో ఎస్తేరుది అందరికన్నా మంచి చెయ్యి. ఏది గీయమన్నా గీసేది. ఇంజన్ మాత్రం గీయనంది.

"ఆ పని నాకొద్దు ఉస్తాద్. ఇంకెవరికైనా ఇవ్వండి."

ఆ జంక్షన్ ఊళ్ళో అప్పటికింకా బొగ్గు ఇంజన్లే నడుస్తున్నాయి. లోకోషెడ్డు కార్మికులు కొత్తగా సంఘం హాలు కట్టుకున్నారు. లోపలి గోడ నిండా ఆవిరి ఇంజన్ బొమ్మ వెయ్యాలని సంఘం కార్యదర్శి అయిన డ్రైవర్ సింహాద్రి వచ్చి అడిగితే ఉస్తాద్ ఒప్పుకున్నాడు. ఆయన వెళ్ళాక ఎస్తేరుని పిలిచి, "ఇది నువ్వే వెయ్యాలి బేటీ" అన్నాడు.

ఎస్తేరు తండ్రి దేవదానం ఆ షెడ్డులోనే ఇంజన్‌కి బొగ్గు వేసే ఫైర్‌మన్. బాయిలర్‌లో నీళ్ళు ఎంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం పగిలి, మరిగే నీళ్ళు ముఖాన చిమ్మి చచ్చిపోయాడు. విచారణలో తప్పు దేవదానానిదే అని తేల్చేశారు. ఆ రోజు అదే ఇంజన్ నడిపిన సింహాద్రి తల దించుకుని నిలబడ్డాడే గాని నోరు విప్పలేదు. అప్పటిదాకా ఆయన్ని బాబాయ్ అని పిలిచిన ఎస్తేరు, మళ్ళీ ఆయన ముఖం చూడలేదు.

"మా నాన్నని చంపినదాన్ని నేను గోడకెక్కించాలా? అదీ ఆ నోరులేని మనుషుల గోడకి?"

ఉస్తాద్ కాగితం, బొగ్గు ముక్క ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

కోపంతోనే గీసింది. బొగ్గు ముక్క విరిగితే ఇంకోటి తీసుకుంది. పొగగొట్టం, నిండు కడుపులాంటి బాయిలర్, ఒంటికన్ను దీపం, చక్రాలని ఒకదానితో ఒకటి కలిపే ఇనుపచేతులు, అన్నీ కాగితాన్ని చీల్చుకుని వచ్చినట్టు వచ్చాయి. డ్రైవరు నిలబడే చోటు దగ్గరికి వచ్చేసరికి కిటికీని బొగ్గుతో మెత్తి నల్లగా పూడ్చేసింది. తీసుకెళ్ళి ఉస్తాద్ ముందు పడేసింది.

"ఇదిగో మీ ఇంజన్. చాలా?"

ఉస్తాద్ అప్పుడే టీ, డబల్ రొట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బొమ్మని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. చక్రాలకి వంక పెట్టలేదు, పొగకి వంక పెట్టలేదు. రొట్టె మధ్యలోంచి మెత్తని ముద్ద తీసి, వేళ్ళతో నలిపి, ఆ నల్లటి కిటికీ మీద మెల్లగా అద్దాడు. బొగ్గు రొట్టెకి అంటుకుంది. కిటికీలో చిన్న తెల్లటి జాగా తేలింది.

"మీ నాన్న ఏ వైపు నిలబడేవాడు?"

"కుడి వైపు."

ఉస్తాద్ బొమ్మకేసి చూశాడు. ఎస్తేరూ చూసింది. తను గీసింది ఇంజన్ ఎడమ వైపు, డ్రైవరు నిలబడే వైపు.

ఉస్తాద్ మిగిలిన రొట్టె టీలో ముంచుకుని తినసాగాడు.

ఆమె కొత్త కాగితం తీసుకుంది. ఈసారి కిటికీ దగ్గర మొదలుపెట్టింది.

హాలు గోడ మీద పని పూర్తి కావస్తుండగా సింహాద్రి చూడ్డానికొచ్చాడు. గుమ్మంలోంచే, "అబ్బ, కూత వినబడుతోందయ్యా!" అన్నాడు. దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కిటికీలోంచి ఒక మనిషి బయటికి వంగి చూస్తున్నాడు. తలకి గుడ్డ, చెంపన మసి.

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇంజన్ ఒక్కటే చాలు. మనిషి వద్దు. పైవాళ్ళు చూస్తే సంఘానికి ఇబ్బంది. తుడిచెయ్యి."

ఎస్తేరుకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఉస్తాద్ వైపు చూసింది. ఆయన మూలన కూర్చుని కుంచెలు కడుగుతున్నాడు, తల కూడా ఎత్తలేదు.

మాటలు మింగేసింది. తడిగుడ్డ ఒకటి తీసి సింహాద్రి చేతిలో పెట్టింది.

"మీరే తుడవండి. అందకపోతే స్టూలు ఉంది."

సింహాద్రి గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి చెయ్యి ఎత్తి దించేశాడు. గుడ్డలోంచి నీళ్ళు కొత్త నేల మీద కారుతున్నాయి.

"ముడి అలా కాదు," అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"తలగుడ్డ ముడి. వెనక్కి కట్టేవాడు కాదు. ఇంట్లో ఎలాగో గాని, డ్యూటీలో ఉంటే కుడి చెవి మీదికి వేసేవాడు." బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "ఆ గాజుకి బీట ఉందని ముందే చెప్పాడమ్మా. మార్చేదాకా బండి తియ్యొద్దన్నాడు. ఆలస్యమైతే నన్నంటారని నేనే తీశాను."

"ఈ మాట ఆ రోజెందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం పోతుందని."

"ఇప్పుడు నా చెవిలో చెబితే మా నాన్న మీద పడ్డ మాట పోతుందా?" ఆమె గొంతు హాలంతా మోగింది. "చెప్పాల్సింది నాకా?"

సింహాద్రి గుమ్మం దాకా నడిచి, మెట్ల మీద బీడీలు కాల్చుకుంటున్న షెడ్డువాళ్ళని లోపలికి రమ్మని పిలిచాడు. వాళ్ళు వచ్చి బొమ్మ కింద నిలబడ్డాక, చేతిలో ఆ తడిగుడ్డతోనే, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మధ్యలో ఒకరెవరో తిట్టారు. ఆగకుండా చివరిదాకా చెప్పాడు. రేపు పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇదే చెబుతానన్నాడు.

ఎస్తేరు వింటూ నిలబడింది. కోపం తగ్గలేదు.

అందరూ వెళ్ళిపోయాక ఉస్తాద్ కుంచెలు ఆరబెడుతూ అడిగాడు.

"ఇంజన్ గీయడం అయిందా బేటీ?"

"ఇంకా లేదు ఉస్తాద్."

స్టూలెక్కి, తండ్రి తల వెనక ముడి చెరిపి, కుడి చెవి మీదికి వేసింది.