చుట్టాల బండి

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. సగం విన్నాక మాత్రం "ఇదెక్కడి గొప్పలండీ!" అంటే ఊరుకునేది లేదు.

వరదలో నేతపేట మొత్తం కొట్టుకుపోతే, మణికంఠదేవ మహారాజు నూరు నేత కుటుంబాలకు కోట బయట మేడలు కట్టిస్తానన్నాడు. ఎంత ఎత్తు మేడలనుకున్నారు? పైన ఆరేసిన చీరలకు మబ్బులు చిక్కుకోవాలట!

అంతలో అశ్వశాల అధికారి భల్లటుడు అడ్డం పడ్డాడు. ఆయన మీసాల కొసలు మోయడానికే ఇద్దరు నౌకర్లు.

"ప్రభూ, బండి లేని ఇల్లూ ఒక ఇల్లేనా? ఇంటికి రెండు బండ్ల చోటు వదలాల్సిందే!"

మేస్త్రీలు కొలిచి చూశారు. అలా వదిలితే ఆ నేలలో పట్టేవి నలభై ఇళ్లే. మిగతా అరవై కుటుంబాలూ వానాకాలమంతా తాటాకుల కింద నానాల్సిందే.

విదూషకుడు బుడ్డనకు ఒళ్లు మండింది. బట్టల మూట భుజానేసుకుని నడిచేవాళ్లకు బండ్లెక్కడివి? ఊరంతా వెతికినా ఎనభైకి మించి లేవు. పైకి మాత్రం చేతులు కట్టుకున్నాడు.

"రెండేనా అయ్యగారూ? మరి చుట్టాలొస్తే?"

భల్లటుడు ఉబ్బిపోయాడు. "పేటంతటికీ కలిపి చుట్టాల బండికి ఇంకో చోటు!"

"నలభై ఇళ్లకు ఎనభై, చుట్టాలకు ఒకటి, మొత్తం ఎనభై ఒకటి. ప్రభూ, ముందు ఈ చోట్లు ముగ్గుతో గీయిద్దాం. సోమవారం మధ్యాహ్నానికి అన్నీ నేతవాళ్ల బండ్లతో నిండితే అయ్యగారి మాటే చట్టం. ఒక్కటి తగ్గినా నూరిళ్లూ కట్టాలి."

"వాళ్లకు బండ్లు లేవనుకున్నావా? చూపిస్తా!" అన్నాడు భల్లటుడు. రాజు సరేనన్నాడు.

సోమవారం భల్లటుడు ఊరు ఊడ్చేశాడు. నూనె బండ్లు, కుండల బండ్లు, ఉప్పు బండ్లు, అన్నీ తెచ్చి నిలిపితే ఎనభై. చుట్టాల చోటు మాత్రం ఖాళీ! ఎండ నెత్తికెక్కుతోంది. చెమటలు కక్కుతూ తన శాలకే పరుగెత్తి, చేతికందినది తోలించుకొచ్చి, గోనెపట్టా కప్పేశాడు.

రాజు వచ్చాడు. కాళ్లకు మోకాళ్లదాకా దుమ్ము, కిరీటం చెవి మీదికి జారింది.

"అన్నీ నిండాయి ప్రభూ! అన్నీ నేతవాళ్లవే!" అన్నాడు భల్లటుడు.

"ఏమంటావు బుడ్డనా?"

"ఓడిపోయాను ప్రభూ. ఏలినవారు నడిచి వచ్చారేం?"

"బయలుదేరే వేళకు నా రథం మాయం!"

బుడ్డన మెల్లగా వెళ్లి గోనెపట్టా లాగాడు. బంగారు రథం ధగధగలాడింది.

"చుట్టాల చోటులోనే ఉంది ప్రభూ. తమరు ఏ నేతవాడికి చుట్టమో అయ్యగారే సెలవివ్వాలి!"

రాజు నవ్విన నవ్వుకు ఎనభై జతల ఎద్దులు పలుపులు తెంపుకుని ఇళ్లకు పరుగెత్తాయి. నూరిళ్లకూ అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. ముత్యాల హారం బుడ్డన మెడలో పడింది. ఆ రథమెక్కి ఇంటికెళ్లిందీ అతడే.

ఇంకా అనుమానమా? ఆ ఎండలో రాజుగారి వెనకాల గొడుగు పట్టుకుని పరుగెత్తిన సుంకన్నను అడగండి!