ఇల్లు చల్లగా ఉందంట

పరాంకుశం మాస్టారు అనువాదం నేర్పేవారు. అయితే నిఘంటువు తీసి అర్థం చూపించడం ఆయనకు అలవాటు లేదు. ఒకనాడు శిష్యురాలు వకుళ విసుగ్గా అడిగింది: "కూల్ అన్నా, చిల్లీ అన్నా, కోల్డ్ అన్నా మనకు చల్లగా ఉండటమే కదండీ! ఇన్ని మాటలు మనల్ని తికమకపెట్టడానికి కాకపోతే ఎందుకు?"

మాస్టారు కళ్ళజోడు తీసి, పాడేరు కొండల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

అక్కడ కొర్రా బంగారమ్మ ఇంట్లో ఎల్సా అనే విదేశీ యువతి దిగింది. పిట్టల కూతలు రికార్డు చేసుకోవడానికి వచ్చానంది. బంగారమ్మ నమ్మలేదు. అంతకుముందు సీతాకోకచిలుకల కోసమంటూ ఎవరో వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకే, గొలుసులు పట్టుకుని కొలతలవాళ్ళు దిగారు. ఆమె కాఫీతోటలో సగం పోయింది. అందుకే ఈ పిల్లకు అన్నమైతే పెట్టింది గానీ మాట కలపలేదు. ఎల్సా సంచీ విప్పితే చాలు, తలుపు చాటునుంచి కనిపెట్టి చూసేది.

ఎల్సా చివరికి తన దుబాసీ సన్యాసిరావు దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. ఇక్కడి గాలి కూల్‌గా హాయిగా ఉంది, స్నానం నీళ్ళు చిల్లీగా ఉన్నా ఓర్చుకున్నాను, ఈ ఇల్లు మాత్రం కోల్డ్, రేపు వెళ్ళిపోతాను అంది.

"ఏటంతాంది?" అంది బంగారమ్మ అనుమానంగా.

సన్యాసిరావుకు ఆ మూడింటికీ తెలిసింది ఒకటే మాట; ఇంటిని కోల్డ్ అంటే ఆదరణ లేదని అర్థమని అతనికి తెలియదు. "గాలి చల్లగా ఉందంట, నీళ్ళు చల్లగా ఉన్నాయంట, నీ ఇల్లు చల్లగా ఉందంట. రేపు ఎల్లిపోతాదంట."

బంగారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పలకరించని ఇంటిని దీవించి పోయేవాళ్ళుంటారా? ఇందులో ఏదో మతలబు ఉంది. "బూమి కోసం వచ్చిందో, పిట్ట కోసం వచ్చిందో సూటిగా అడుగు!"

సన్యాసిరావు అడగగానే ఎల్సా రికార్డు చేసే పెట్టె తెచ్చి మీట నొక్కింది. పొద్దున తోటలో కూసిన పిట్ట మళ్ళీ కూసింది. వెనకాలే, మేకను తిట్టిపోస్తున్న బంగారమ్మ గొంతు! ఆమె ఉలిక్కిపడి, ఆపైన నవ్వాపుకోలేకపోయింది. పూర్తిగా నమ్మిందని చెప్పలేం గానీ, పొయ్యి పక్కకు పీట జరిపి "కూకోమను" అంది. ఎల్సా మర్నాడు వెళ్ళలేదు.

వకుళ అడిగింది: "అయితే ఆ దుబాసీకి ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడమే మేలైందంటారా?"

"ఆ పూటకు మేలే," అన్నారు మాస్టారు. "పరాయి దేశంలో నీకు జబ్బు చేస్తే, డాక్టరు దగ్గరకు అతన్ని వెంటబెట్టుకెళ్తావా?"