బదులు పాట

మేటికొండ అనే చిన్న రాజ్యంలో సూర్యోదయమై రెండు ఘడియలైంది. రాజు ఉదయభూపతి కోట బురుజు మీద వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. బురుజు కింద నలభైమంది ఆడవాళ్లు పాడుకుంటూ కోటగోడకు గచ్చుసున్నం దంచుతున్నారు.

సంగీతంలో తనంతటివాడు లేడని రాజుకు నమ్మకం. ఆ పాటలో శ్రుతి లేదన్నాడు. పాటకు పోయే ఊపిరి రోకలి మీద పెడితే పని రెట్టింపవుతుందన్నాడు. రాజుగారి పనుల్లో ఉన్న చదువురానివాళ్లెవరూ పాడకూడదనీ, వాళ్ల బదులు ఆస్థాన విద్వాంసుడు యజ్ఞేశ్వర దీక్షితులు పాడతాడనీ ఆజ్ఞ వేశాడు.

దీక్షితులు గొడుగు కింద కూర్చుని పాడాడు. ఆరు రోజుల్లో పని సగానికి పడిపోయింది. అది సోమరితనమన్నాడు రాజు. రేపు పొద్దుగూకేలోగా పాత కొలత అందకపోతే మనిషికి పది కొరడా దెబ్బలన్నాడు.

ఆస్థానంలో చమత్కారిగా పేరున్న బాచన్న వెళ్లి, సున్నం దంచేవాళ్ల పెద్ద గంగులమ్మను సంగతి అడిగాడు.

"ఆయన బాగానే పాడుతున్నాడు బాబూ. వింటుంటే నిద్రొస్తోంది," అంది ఆమె. అరచేతుల్లో బొబ్బలు చితికి ఉన్నాయి. "మేం పాడితే రోకలి దానంతటదే లేస్తుంది. ఇప్పుడు ప్రతి పోటుకూ మేమే ఎత్తాలి."

బాచన్న అక్కణ్ణుంచి నేరుగా పల్లకీ మోసే బోయీల దగ్గరికి వెళ్లి, ఆజ్ఞ వాళ్లకూ వర్తిస్తుందని గుర్తుచేశాడు. దీక్షితుల్ని కూడా మర్నాడు రాజుగారి పల్లకీ వెంట రమ్మన్నాడు.

మర్నాడు పొద్దున రాజు కొండమీది గుడికి పల్లకీలో బయల్దేరాడు. బోయీలు ఎనిమిది మంది. ఎప్పుడూ ఒకడు పదం ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునేవారు. ఆ రోజు ఒక్కరూ నోరు విప్పలేదు. పక్కన గుర్రం మీద దీక్షితులు ఆలాపన చేస్తున్నాడు. బోయీల అడుగులు కలవలేదు. రాజు తల రెండుసార్లు పల్లకీ చట్రానికి తగిలింది. సగం దారిలో వాళ్లు రొప్పుతూ పల్లకీ దించేశారు.

"వీళ్లకేం రోగం? పదం పాడరేం?" అన్నాడు రాజు.

"ఏలినవారి ఆజ్ఞే కదా ప్రభూ," అన్నాడు పల్లకీ వెంట వచ్చిన బాచన్న. "చదువురానివాళ్లు. వాళ్ల బదులు దీక్షితులవారు పాడుతున్నారు."

"ఆయన పాడితే వీళ్లకు సత్తువెలా వస్తుందయ్యా?"

"నాకూ అదే అనుమానం. ప్రభువులు సెలవిస్తే, వాళ్ల బదులు పల్లకీ కూడా ఆయన్నే మొయ్యమంటాను."

దీక్షితులు గుర్రాన్ని నాలుగడుగులు వెనక్కి నడిపాడు. అది చూసి రాజు పగలబడి నవ్వాడు. కొరడా దెబ్బలు రద్దు చేశాడు. ఎవరి పాట వాళ్లు పాడుకోవచ్చన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి బాచన్నకు వేశాడు.

ఆ మధ్యాహ్నమే బురుజు కింద పాట మొదలైంది. మూడు రోజుల్లో పని పాత కొలతను మించిపోయింది.

మరో తొమ్మిది రోజులకు బాచన్నకు ఒక సంగతి తెలిసింది. సున్నం దంచేవాళ్లకు రోజూ మధ్యాహ్నం పోసే అంబలి ఆపేశారు. పాటతోనే అంత సత్తువ వస్తున్నప్పుడు అంబలి దండగని రాజుగారి ఆజ్ఞ.