శూలపాణి అమ్మిన నాజూకు చూర్ణం

మబ్బుకొండ అడవిలో ఓ పెద్ద మడుగు ఉంది. ఆ అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ఓ ఏనుగుల గుంపు కాపురం ఉండేవి. చలికాలం వచ్చిందంటే ఆ మడుగుకు దూరదేశం నుంచి చుట్టాలు దిగేవారు. తల మీద రెండు నల్లని చారలున్న అడవి బాతులే ఆ చుట్టాలు.

వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవారో తెలిస్తే మీరు నోరు తెరుస్తారు. హిమాలయాలకు అవతలి నుంచి! మనిషికి ఊపిరాడనంత ఎత్తులో, మంచుకొండల మీదుగా, రెక్కలాడిస్తూ వచ్చేవారు. ఎండలు ముదరక ముందే మళ్ళీ అదే దారిన వెళ్ళిపోయేవారు. వాళ్ళు వెళ్ళే రోజున అడవిలో ఎంత పెద్ద జంతువైనా తలెత్తి చూడాల్సిందే.

అంత దారికి ఆ బాతులు కట్టుకెళ్ళే చద్దిమూట ఒకటే, ఒంట్లో కొవ్వు. వెళ్ళే ముందు మడుగు ఒడ్డున తుంగగడ్డలు తవ్వుకుని తినాలి. నడుస్తుంటే అటూ ఇటూ ఊగేంతగా ఒళ్ళు చేయాలి. అది వాళ్ళ ఆచారం. గుంపును నడిపే ముసలి బాతు దగ్గరుండి అందరి చేతా తినిపించేది. ఆమెను అంతా అవ్వ అని పిలిచేవారు.

అవ్వ మనవరాలి పేరు తురాయి. క్రిందటేడే పుట్టింది. కొండల మీదుగా ఇంటికి తిరిగి వెళ్ళడం ఆమెకు ఇదే మొదటిసారి. నీళ్ళలో తన బొద్దు ఒంటిని చూసుకుని బెంగపెట్టుకుంది. "ఇంత బరువు వేసుకుని ఆ కొండలు ఎలా దాటుతాను?" అనుకుంది. అవ్వను అడిగితే సరిపోయేది. కానీ అవ్వ ఎప్పుడూ "తిను, తిను" అనే అంటుంది కదా! అందుకని అడగలేదు.

సరిగ్గా అప్పుడే మడుగు గట్టున శూలపాణి అనే ముళ్లపంది దుకాణం తెరిచాడు. ఏదో పచ్చటి పొడిని మోదుగాకు పొట్లాల్లో కట్టి, దానికి 'నాజూకు చూర్ణం' అని పేరు పెట్టాడు.

మొదటి రోజు అతను బండరాయి ఎక్కి నిలబడితే అడవంతా నివ్వెరపోయింది. అంత లావు ముళ్లపందిని ఎవరూ చూసి ఉండలేదు. "చూశారా నా అవస్థ! రేపు ఇదే వేళకు రండి" అన్నాడు. మర్నాడు అదే రాయి మీద సన్నగా, నున్నగా, కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"నిన్నటి నన్ను చూశారు, నేటి నన్నూ చూశారు! ఒకే ఒక్క పొట్లం! మింగండి, గాలిలో తేలిపోండి!" అని అవతలి గట్టుకు కూడా వినిపించేలా అరిచాడు. తర్వాత మీసాల్లో ఏదో గొణిగాడు. "ఒక్కో ఒంటికి ఒక్కోలా పనిచేస్తుంది, నాది బాధ్యత కాదు" అన్నది ఆ గొణుగుడు. అది ఎవరి చెవినా పడలేదు.

తురాయి రాయి దగ్గరికి వచ్చింది. "మావయ్యా, నేను మంచుకొండలు దాటాలి. ఇది నాకు పనికొస్తుందా?"

"నీకు కాక ఇంకెవరికి తల్లీ! తేలికైన కొద్దీ ఎత్తుకు పోతావు. పొట్లానికి ఓ కుప్ప తుంగగడ్డలు తెచ్చివ్వు, చాలు."

విన్నారా బేరం! తాను తినాల్సిన గడ్డలన్నీ అతనికి పెట్టాలి, తాను మాత్రం పొడి మింగాలి. పిచ్చిపిల్ల రోజూ పెట్టింది, రోజూ మింగింది. ఆ పొడి కడుపు జాడించే నేలతంగేడు ఆకు తప్ప మరేమీ కాదు. తురాయి విరేచనాలతో నీరసించిపోయింది. ఒళ్ళు తగ్గింది, అది నిజమే. రెక్కల్లో సత్తువ కూడా దాంతోపాటే పోయింది.

బాతులు బయలుదేరే రోజు వచ్చింది. గుంపంతా ఒక్కసారిగా లేచింది. తురాయి కూడా లేచి, చెట్ల కొనల దాకా వెళ్ళి, రెక్కలు వణికి దభీమని నీళ్ళలో పడింది. అవ్వ గబగబా దిగివచ్చి ముక్కుతో ఆమె రొమ్ము తడిమి చూసింది. ఎముకే తగిలింది.

"ఈ ఒంటితో వస్తే దారిలో మంచులో రాలిపోతావే" అంది అవ్వ. "ఇక్కడే ఉండిపోదామంటే ఎండలకు మడుగు ఎండిపోతుంది. ఏం మింగావో నిజం చెప్పు."

తురాయి వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పింది. మిగిలిపోయిన పొట్లం తెచ్చి చూపించింది. "ఎవరికీ చెప్పకు అవ్వా, నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. ఆ పొట్లం మాత్రం పారేయకు. పద, పెద్దమ్మ దగ్గరికి" అంది అవ్వ. గుంపును ముందుకు పంపేసి, తాను మనవరాలి కోసం ఆగిపోయింది.

పెద్దమ్మ అంటే ఆ అడవిలో అందరికంటే పెద్ద ఏనుగు. ఎవరికి అన్యాయం జరిగినా మద్దిచెట్ల కిందికి వెళ్ళి ఆమెకు ఫిర్యాదు చెప్పుకోవచ్చు. అది అడవి చట్టం. పులి చెప్పినా, కుందేలు చెప్పినా ఆమె ఒకేలా చెవులు విప్పి వినేది. ఆమె ముందు నిలబడగానే తురాయి అవ్వ రెక్క చాటుకు నక్కింది. అప్పుడు పెద్దమ్మ మోకాళ్ళు వంచింది. తల నేలకు దించి, "చెప్పు తల్లీ" అంది. అంత పెద్దది తన కోసం వంగిందే అని తురాయికి ఒళ్ళు పులకరించింది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

అప్పుడో వింత జరిగింది. చెట్ల చాటు నుంచి ఓ దుప్పి బయటికి వచ్చి, "నేనూ కొన్నాను పెద్దమ్మా, సిగ్గేసి చెప్పలేదు" అంది. దాని వెనుక అడవిపంది వచ్చింది. ఆ వెనుక కుందేళ్ళు వచ్చాయి. ఇంకా వస్తూనే ఉన్నారు. ఇంతమంది మోసపోయి, ఇంతకాలం నోరు మూసుకున్నారా అని అవ్వే బిత్తరపోయింది.

శూలపాణికి కబురు వెళ్ళింది. అతను దర్జాగా నడుచుకుంటూ వచ్చాడు.

"నేనేమన్నా బలవంతం చేశానా పెద్దమ్మా? ఒక్కో ఒంటికి ఒక్కోలా పనిచేస్తుందని ముందే చెప్పాను. నమ్మి కొనుక్కోవడం వాళ్ళ తప్పు. నన్ను చూడండి, నేను సన్నబడలేదూ?"

ఆ షరతు మేమెవరం వినలేదని అందరూ ఒక్కసారిగా అన్నారు. పెద్దమ్మ పొట్లం విప్పి తొండంతో వాసన చూసింది. "నేలతంగేడు ఆకు" అంది. తర్వాత తొండం పైకెత్తి ఒక్కసారి ఘీంకరించింది.

అడవి దద్దరిల్లింది. ఎండుటాకులు జలజలా రాలాయి. శూలపాణి హడలిపోయాడు. హడలిపోయిన ముళ్లపందికి ఏమవుతుందో తెలుసుగా! ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. అందరూ చూస్తుండగానే అతను మొదటి రోజంత లావయ్యాడు. కాసేపటికి భయం తగ్గి ముళ్ళు వాలాయి. మళ్ళీ సన్నబడ్డాడు.

అది చూసి దుప్పి అరిచింది.

"ఈసారి పొడి కూడా మింగలేదే!"

నవ్వులు మిన్నంటాయి. శూలపాణి తల దించుకున్నాడు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు.

"శూలపాణీ, నీ గొప్పలు అవతలి గట్టుకు వినిపించాయి. నీ షరతు నీ మీసాలకే వినిపించింది. దాన్ని చెప్పడం అనరు. నమ్మడం నేరం కాదు, అబద్ధమాడి నమ్మించడం నేరం. ఈ క్షణం నుంచి ఆ పొడి అమ్మకం ఆపెయ్. ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నావో వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్. తురాయికి చేసిన నష్టానికి, ఆమె మళ్ళీ ఒళ్ళు చేసేదాకా నువ్వే గడ్డలు తవ్వి పెట్టు. ఎక్కడెక్కడ నీ గొప్పలు అరిచావో, అక్కడంతా నిలబడి ముళ్ళు లేపి, దించి, నీ మోసం నీ నోటితోనే అరిచి చెప్పు."

తప్పుతుందా? కలుగులో దాచిన కుప్పలన్నీ ఖాళీ అయ్యాయి. నాజూకు దొర ఒళ్ళంతా బురద పూసుకుని, గోళ్ళు అరిగేలా తవ్వాడు. అటు ఎండలు పెరుగుతున్నాయి, మడుగు తగ్గిపోతోంది. తురాయి తింటూనే ఉంది. అవ్వ రోజూ రొమ్ము తడిమి "ఇంకా తిను" అనేది. ఒక ఉదయం తడిమి చూసి, "ఇక చాలు" అని ఉత్తరం వైపు తిరిగింది.

ఇద్దరూ లేచారు. పెద్దమ్మ మొదలు కుందేళ్ళ దాకా అందరి తలలూ పైకి లేచాయి. గడ్డలు తవ్వుతున్న శూలపాణి కూడా పని ఆపి నోరు తెరిచి చూశాడు.

ఎన్నో నదులు దాటి వాళ్ళు కొండల దగ్గరికి చేరారు. అబ్బ, ఏం కొండలవి! ఆకాశానికి గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడింది. మబ్బులు కాళ్ళ కిందికి వెళ్ళిపోయాయి. ఎటు చూసినా మంచే, తినడానికి గడ్డిపరక కూడా లేదు. అయినా తురాయి రెక్కలు ఆగలేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు కొంచెం కొంచెంగా కరుగుతూ, వెచ్చగా, ఆమెను ముందుకు తోస్తూనే ఉంది.

"అవ్వా!" అని అరిచింది తురాయి. "నేను దీన్ని మోయాలనుకున్నాను. ఇదే నన్ను మోస్తోంది!"

"మాటలాపి ఎగురు" అంది అవ్వ, నవ్వుతూ. ఇద్దరూ శిఖరం దాటారు.

నీతి: ఒళ్ళు తగ్గిస్తామని ఊరించే మాటలు విని మీ ఒంటిని పాడుచేసుకోకండి, ఒకవేళ మోసపోతే దాచుకోకుండా ఆధారంతో ఫిర్యాదు చేయండి, సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడే.